జూన్‌లో డబ్బు తీసుకోకండి, జనుము చల్లండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. హైదరాబాద్ దగ్గరి చేవెళ్ళ పక్కన రెండెకరాల ఎర్రనేల, ఒక బోరు, నిన్నమొన్నటిదాకా పత్తి వేసిన పొలం. మీ అపార్ట్‌మెంట్‌లో 30 కుటుంబాలు సీజన్ డబ్బు ముందే కట్టేస్తామంటున్నాయి, బదులుగా ప్రతి వారం ఒక బుట్ట కూరగాయలు వాళ్ళకు చేరాలి. తొలకరి పడగానే జూన్‌లో మొదలుపెట్టాలని మీ ఆలోచన. ఏమేం విత్తాలి, రెండెకరాలు చాలుతాయా, విత్తనం నాటుదా హైబ్రిడా అని అడిగారు.

నేల సంగతి ముందు తేల్చేద్దాం, అది అసలు సమస్యే కాదు. నలుగురున్న ఇంటికి వారానికి ఆకుకూరలతో కలిపి ఆరు కిలోలు అనుకోండి. 30 ఇళ్ళకు 180 కిలోలు, ఇరవై వారాలకు 3,600 కిలోలు. బాగా చూసుకుంటే ఎకరం టమాటా ఒక్క పంటలోనే పది టన్నులు దాటుతుంది. ఈ లెక్క వేసుకుని వంద కుటుంబాలను చేర్చుకోవచ్చు అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, దెబ్బతినేదీ అక్కడే. బోయిన్‌పల్లి టోకు మార్కెట్‌కు పండించే రైతుకు ఒకే పంట ఎంత ఎక్కువ వస్తే అంత మంచిది. మీకు కావలసింది ప్రతి వారం ఎనిమిది పది రకాలు, ఒక్కోటీ కొంచెం కొంచెం, మధ్యలో తెగకుండా. పది టన్నుల టమాటా పండించడం తెలిసిన రైతుకు కూడా ఇరవై వారాల పాటు వారానికి 30 కిలోలు తప్పకుండా ఇవ్వడం కొత్త పనే. కాబట్టి రెండెకరాల్లో ఎకరంలోపే కూరగాయలకు పెట్టుకోండి, మిగతాది కంది, పచ్చిరొట్ట, మునగ, నిమ్మ, కరివేపాకుకు వదిలేయండి. 30 కుటుంబాలు కూడా మొదటి ఏడాదికి ఎక్కువే, 20తో మొదలుపెడితే ఇంకా హాయి. కింద లెక్కలు మాత్రం మీరు చెప్పిన 30కే వేస్తున్నాను.

ఇక జూన్ సంగతి. మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడగానే విత్తాలని చేతులు దురద పెడతాయి, నాకు తెలుసు. కానీ జూన్ మధ్యలో విత్తితే ఏమవుతుందో వరుసగా చూడండి. తోటకూర, పాలకూర జూలై మధ్యకు వస్తాయి, గోంగూర ఆ తర్వాత వారం. బెండ ఆగస్టు మొదట్లో, బీర ఆగస్టు మధ్యలో. జూన్‌లో నారు పోసిన టమాటా సెప్టెంబర్‌కు గానీ ఎర్రబడదు. అంటే డబ్బు కట్టిన మనిషికి మొదటి నెలంతా ఆకుకూరలే. అదే సమయానికి బయట టమాటా ధర మండుతూ ఉంటుంది, ఎందుకంటే వేసవి పంట అయిపోయి వానాకాలం పంట ఇంకా రాని సందు అది. 2023 జూలైలో మదనపల్లెలోనే కిలో దాదాపు 200 పలికింది గుర్తుందిగా. అలాంటి వారాల్లోనే మీ సభ్యులు 'మన పొలం ఉందిగా' అని ఆశగా బుట్ట తెరుస్తారు, అందులో మూడు కట్టల తోటకూర ఉంటుంది. వాళ్ళ తప్పు లేదు, మీ తప్పూ లేదు, సీజన్ అంతే. కానీ ఆ నిరాశతో మొదలైన సంబంధం మళ్ళీ గాడిన పడటం కష్టం.

పైగా పత్తి నేల. కొన్నేళ్ళుగా మందులు, యూరియా మీద నడిచిన ఎర్రనేలలో సేంద్రియ పదార్థం నామమాత్రంగా ఉంటుంది. మొదటి వానలకు తుంగ, గరిక, వయ్యారిభామ ఒక్కుమ్మడిగా లేస్తాయి, కొత్తిమీర మడిలో కలుపు తీయడానికే కూలి డబ్బులు అయిపోతాయి. అందుకే జూన్‌లో మీరు విత్తాల్సింది జనుము, అంటే నేలలోనే కలియదున్నేసే పచ్చిరొట్ట పైరు. ఎకరానికి పదిహేను కిలోల దాకా చల్లి, పూత మొదలవగానే, అంటే దాదాపు 45 రోజులకు, కలియదున్నండి. రేగడి అయితే జీలుగ అనేవాడిని, ఎర్రనేలకు జనుమే సుఖం. అది కలుపును కూడా చాలావరకు అణిచేస్తుంది. దున్నాక రెండు మూడు వారాలు కుళ్ళనిచ్చి, ఆ తర్వాత పెంట ఎరువు వేసి మడులు కట్టుకోండి. ఈలోగా డ్రిప్, పందిరి, కంచె, నారు పెంచుకునే షేడ్ నెట్ పనులు అవుతాయి. భూసార పరీక్ష కూడా ఇప్పుడే చేయించండి, బోరు నీళ్ళు కూడా పరీక్షకు ఇవ్వండి. చాలామంది మట్టి ఇచ్చి నీళ్ళు మర్చిపోతారు, ఉప్పు నీళ్ళయితే బీన్స్, క్యారెట్ మీద ఆశ తగ్గించుకోవాలి.

సభ్యుల సీజన్‌ను దీపావళి నుంచి ఉగాది దాకా పెట్టండి. మన తెలంగాణ పీఠభూమిలో ఇన్ని రకాలు ఒకేసారి పండే కాలం ఇంకోటి లేదు. టమాటా, వంగ, చిక్కుడు, క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్, బీన్స్, ఆకుకూరలన్నీ ఈ నాలుగైదు నెలల్లోనే బాగుంటాయి. టమాటా విషయమే తీసుకోండి: పగలు 35 డిగ్రీలు దాటి రాత్రి కూడా వేడి తగ్గకపోతే పూత రాలిపోతుంది, మొక్క పచ్చగానే ఉంటుంది, కాయ మాత్రం నిలవదు. నవంబర్, డిసెంబర్ రాత్రుల్లో ఆ బాధ లేదు. ఇంకో సౌకర్యం చెప్పనా, దీపావళి మర్నాడే కార్తీక మాసం మొదలవుతుంది, చాలా ఇళ్ళలో ఆ నెలంతా మాంసం బంద్. కూరగాయల మీద ఇంత ప్రేమ ఉండే నెల మళ్ళీ దొరకదు. అలాగే సంక్రాంతి వారం బుట్ట పెట్టకండి. హైదరాబాద్ సగం ఊళ్ళకు వెళ్ళిపోతుంది, కోసిన కూరగాయలు వాచ్‌మన్ గదిలో వాడిపోతాయి. నవంబర్ మొదటి వారం నుంచి మార్చి ఆఖరుదాకా 21 వారాల్లో ఆ ఒక్కటి తీసేస్తే ఇరవై బుట్టలు. ముందే ఇరవై అని చెప్పి డబ్బు తీసుకోండి.

ఇప్పుడు వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి, అంటే బుట్ట రోజు నుంచి విత్తే రోజుకు. ఇదే ఈ పనిలో అసలు మెలకువ. మొదటి బుట్టలోనే టమాటా ఉండాలంటే జూలై ఆఖర్లో ప్రోట్రేల్లో (నారు పెంచే గుంటల ప్లాస్టిక్ ట్రేలు) నారు పోయాలి, ఆగస్టు ఆఖరుకు నాటాలి. నాటాక 65 నుంచి 75 రోజులకు తొలి కోత. నారు స్వయంగా పెంచడం మొదటి ఏడాది తలనొప్పి అనిపిస్తే జీడిమెట్లలోనూ ములుగులోనూ ఉద్యాన శాఖ కేంద్రాలు నారు పెంచి ఇస్తాయి (సిద్దిపేట జిల్లా ములుగు, సమ్మక్క సారక్క జాతర వైపుది కాదు, ఒకాయన అటు బయల్దేరాడు కూడా). వాళ్ళకు నెల ముందు చెప్పుకోవాలి.

కానీ ఒకేసారి నాటడం పనికిరాదు. 30 ఇళ్ళకు కిలో చొప్పున వారానికి 30 కిలోలు కావాలి. ఒక మొక్క ఆరు వారాల్లో కిలోన్నర ఇస్తుందనుకుంటే వారానికి పావు కిలో, అంటే 120 మొక్కలు, పోయేవి పోగా 160 నాటండి. రెండడుగుల సాళ్ళలో అడుగున్నర ఎడంతో నాటితే ఇది అర గుంట కూడా పట్టదు. ఇలాంటి అర గుంట మడులు నాలుగు, నాలుగైదు వారాల ఎడంతో. అర గుంట చూసి 'ఇంతేనా' అనిపిస్తుంది, ఆ చిన్నతనానికి అలవాటు పడాలి. పండ్లు ఎక్కువ వస్తే సభ్యులకు ఇంకో కిలో ఇవ్వచ్చు, తక్కువైతే మాత్రం మార్కెట్ నుంచి తెచ్చి బుట్టలో కలిపే పని ఎప్పుడూ చేయకండి. ఒక్కసారి తెలిసిందా, ఇక మీ పొలం మాట ఎవరూ నమ్మరు.

చిక్కుడు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. పందిరి చిక్కుడు పగలు పొట్టిగా ఉండే రోజుల్లోనే పూస్తుంది. మార్చిలో విత్తినా తీగ పందిరంతా కమ్ముకుంటుంది తప్ప కాయ రాదు, నీళ్ళు ఎక్కువయ్యాయేమో, ఎరువు తక్కువేమో అని జనం బుర్ర బద్దలు కొట్టుకుంటారు. జూలైలో పెడితే తీగకు బలం వచ్చేసరికి పగలు తగ్గుతుంది, నవంబర్ నుంచి విరగ్గాస్తుంది, సంక్రాంతికి అందరికీ చిక్కుడుకాయే. ఏడాది పొడుగునా కావాలంటే బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ అర్క జయ్ లాంటి పొద చిక్కుడు ఉంది, దానికి పగటి పొడుగుతో పని లేదు. రుచి మాత్రం పందిరిదే.

కాలీఫ్లవర్‌కు ఇలాంటి పట్టింపే వేడితో ఉంది. ముందు వేసే రకాలు, మధ్య రకాలు, ఆలస్యపు రకాలు అని విడివిడిగా ఉంటాయి, ప్యాకెట్ మీద చూడకుండా కొంటే అంతే. ఆలస్యపు రకాన్ని ముందు వేస్తే ఆకులే పెరుగుతాయి, పువ్వు కట్టదు. ముందు రకాన్ని డిసెంబర్‌లో నాటితే గోలీకాయంత పువ్వు వేసి ఊరుకుంటుంది. ఆగస్టు రెండో సగంలో ముందు రకం నారు పోసి, అక్టోబర్ నుంచి మధ్య రకాలకు మారండి. క్యాబేజీకి ఇంత తంటా లేదు, ఆకులు తినే డైమండ్ రెక్కల పురుగు ఒక్కటే బాధ. క్యాబేజీ సాళ్ళ మధ్య ఆవాలు వేస్తే రెక్కల పురుగు తల్లులు చాలావరకు ఆవాల మీదే గుడ్లు పెడతాయి, మందు దాని మీద కొడితే చాలు. ఆవాలు నాట్లకు పదిహేను రోజుల ముందే వేయాలి, మరీ ఆలస్యంగా వేస్తే ఉపయోగం లేదు.

బెండ ఆగస్టు ఆఖర్లో ఒకసారి వేసి, డిసెంబర్‌కు వదిలేయండి. చలికి అది కదలదు. మళ్ళీ జనవరి ఆఖర్లో విత్తితే మార్చిలో వస్తుంది. చుట్టూ పత్తి చేలున్నాయా? ఉంటే జాగ్రత్త. పత్తి, బెండ, గోంగూర ఒకే కుటుంబం, పత్తి మీది తెల్లదోమ, పచ్చదోమ, మచ్చల పురుగు మీ బెండ మీదికి వస్తాయి, తెల్లదోమ వచ్చిందంటే వెనకే ఆకులు పసుపెక్కే పల్లాకు తెగులు. పొలం చుట్టూ జొన్న నాలుగైదు సాళ్ళు దట్టంగా వేయండి. దోమకు కొంత అడ్డం, పక్క చేలో కొట్టే మందు గాలికి ఇటు రాకుండా కూడా కొంత అడ్డం. పసుపు జిగురు అట్టలు పెట్టండి, పల్లాకు వచ్చిన మొక్కను జాలిపడకుండా పీకి కాల్చేయండి. తీగజాతి వాటికి పండు ఈగ ముఖ్య శత్రువు. దానికి లింగాకర్షక బుట్టలు (మగ ఈగలను వాసనతో లాగి పట్టేవి) దొరుకుతాయి, వాటితో పాటు పుచ్చి రాలిన కాయలను రోజూ ఏరి లోతుగా పూడ్చాలి. ఈ రెండో పని చేయకుండా లింగాకర్షక బుట్టలు కట్టి లాభం లేదు.

ఆకుకూరలు ప్రతి వారం విత్తాలి, మినహాయింపు లేదు. ఆదివారం బుట్టలు పంపితే సోమవారం విత్తడం అని పెట్టుకోండి. కొత్తిమీరకు ధనియాలను నలిపి రెండు బద్దలు చేసి విత్తాలి, 40 రోజులు పడుతుంది. పాలకూరకు 30 నుంచి 35, మెంతికి అంతకన్నా కొంచెం తక్కువ. చలి ముదిరేకొద్దీ ఈ రోజులు సాగుతాయి. నవంబర్ ఆఖర్లో విత్తిన మడి, సెప్టెంబర్‌లో విత్తినదాని కంటే బాగా ఆలస్యంగా చేతికొస్తుంది. అందుకే జనవరి మొదట్లో ఒక ఖాళీ వారం వస్తుంది, అక్టోబర్, నవంబర్‌లో విత్తేటప్పుడే ఒక మడి అదనంగా వేసుకుంటే సరిపోతుంది. ముల్లంగి 40, 45 రోజుల పంట, సందులు పూడ్చడానికి దాన్ని మించింది లేదు. క్యారెట్ అక్టోబర్‌లో వేస్తే సంక్రాంతి దాటాకే, 90 రోజులు పైనే పడుతుంది, ఎర్రనేలలో రాళ్ళు ఏరకపోతే రెండు కాళ్ళ క్యారెట్లు వస్తాయి, పిల్లలకు భలే సరదా.

బుట్టకు బీమా లాంటివి నాలుగు ఉన్నాయి: గుమ్మడి, బూడిద గుమ్మడి, చామగడ్డ, కంద. జూన్‌లోనే పొలం అంచుల్లో వీటిని పెట్టేయండి, జనుముకు అడ్డం రావు. గుమ్మడి కోసి నీడలో పెడితే నెలలు ఉంటుంది. ముసురు పట్టి ఏదీ కోయలేని వారం, కోతులు పడి వంగతోట పాడుచేసిన వారం ఇవే ఆదుకుంటాయి. మునగ కూడా అంతే, పీకేఎం-1 రకం నాటితే ఆరేడు నెలల్లో కాత మొదలు.

వానల గురించి ఒక్క మాట. సెప్టెంబర్, అక్టోబర్‌లో మీ నారు, లేత మొక్కలు నేల మీద ఉంటాయి, సరిగ్గా అప్పుడే అల్పపీడనాలు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌ను ముంచిన వాన లాంటిది మళ్ళీ రాదని ఎవరూ రాసివ్వరు. మడులు నేలకు అడుగు ఎత్తున కట్టండి, మధ్యలో కాలవలు పల్లానికి నీళ్ళు లాగేలా ఉండాలి. ప్రతి నారూ పది రోజుల తేడాతో రెండు విడతలు పోయండి, మొదటిది నారుకుళ్ళుతో పోయినా రెండోది ఉంటుంది. రెండూ బతికితే పక్క రైతుకు అమ్మేయండి, నారు ఎప్పుడూ మిగలదు.

సభ్యులతో వ్యవహారం. ఇది మనకు కొత్తగా అనిపిస్తుంది గానీ జపాన్‌లో 1970ల నుంచే తినేవాళ్ళు, పండించేవాళ్ళు కలిసి ఇలా నడుపుకుంటున్నారు, అమెరికాలో 1986లో రెండు పొలాలతో మొదలైంది. ఎక్కడైనా మూలసూత్రం ఒక్కటే: పంట బాగుంటే అందరికీ ఎక్కువ, పోతే అందరికీ తక్కువ, డబ్బు మాత్రం తిరిగి ఇవ్వరు. ఈ ముక్క నోటితో చెబితే చాలదు, ఒక పేజీ తెలుగులో రాసి సంతకం చేయించుకోండి. ఏ నెలలో ఏం వస్తుందో, ఏం రాదో కూడా అందులోనే. ఆలుగడ్డ, ఉల్లిగడ్డ మీరు ఇవ్వరు అని స్పష్టంగా. పచ్చిమిర్చి, కరివేపాకు, కొత్తిమీర మాత్రం ఏ వారమూ తప్పకూడదు. మిగతావి ఎన్ని రకాలు పెట్టినా ఈ మూడు లేకపోతే ఆ బుట్ట లెక్కలోకి రాదు, మన వంటింటి సంగతి మీకు తెలియంది కాదు. కాకరకాయ తినని ఇళ్ళు, వంకాయ పడని ఇళ్ళు ఉంటాయి, వాళ్ళకోసం బుట్టలు దించే చోట ఒక ఖాళీ డబ్బా పెట్టండి. వద్దన్నది అందులో వేసి కావలసింది తీసుకుంటారు, మీకు ఫోన్లు తగ్గుతాయి. ఒక్కొక్కరి ఇష్టాలు అడిగి 30 రకాల బుట్టలు కట్టే పనికి మాత్రం ఒప్పుకోకండి, కోత రోజు మీ టెన్షన్ అదే అవుతుంది.

డబ్బు దాచకుండా చెప్పుకుందాం. బుట్ట 600 అనుకుంటే 30 కుటుంబాలు, ఇరవై వారాలు, మొత్తం 3,60,000. పొలంలో ఉండి చేసే ఒక జంటకు నెలకు 22,000 అనుకుని జూలై నుంచి మార్చిదాకా తొమ్మిది నెలలకు 1,98,000. విత్తనాలు, ఎరువు, పందిరి తీగలు, ట్రేలకు 70,000. బండికి వారానికి 2,000 చొప్పున 40,000. పోగా 52,000 మిగులుతుంది, అందులోనే మీ పెట్రోలు, కంచె, డ్రిప్. ఇవి మీ ఊరి రేట్లతో మళ్ళీ వేసుకోండి, కానీ ఆకారం ఇలాగే ఉంటుంది. మొదటి ఏడాది జీతం రాదు, ఉద్యోగం మానేయకండి. లెక్క బాగుపడేది రెండో ఏడాది వేసవి కూడా కలిపినప్పుడు, అప్పుడు దోస, సొర, బీర, గోరుచిక్కుడు, బచ్చలి, తోటకూరతో ఏప్రిల్ దాకా లాగవచ్చు. రోహిణి కార్తెలో మాత్రం ఎవరికీ ఏమీ మాటివ్వకండి. డబ్బు కూడా సగం దసరాకు, సగం సంక్రాంతి తర్వాత తీసుకోండి, మొత్తం ముందే తీసుకుంటే డిసెంబర్‌కల్లా ఖర్చయిపోయి ఫిబ్రవరి కూలికి వెతుక్కోవాలి.

చివరిగా విత్తనం. నాటుదే కావాలి, హైబ్రిడే కావాలి అనే పట్టుదల నాకు లేదు. టమాటాకు ఫిబ్రవరి, మార్చి మడి వరకైనా ఆకుముడత తట్టుకునే అర్క రక్షక్ లాంటి హైబ్రిడ్ వేయండి, ఎండ ముదిరేకొద్దీ తెల్లదోమ పెరుగుతుంది, అప్పుడు నాటు రకాలు నిలవవు. చలి మడుల్లో నాటు టమాటా వేయండి, చారుకు ఆ పులుపే కావాలి. చిక్కుడు, గోంగూర, తోటకూర, సొర, దోసకు నాటు విత్తనమే, మొదటి ఏడాది చేవెళ్ళ చుట్టుపక్కల పెద్దవాళ్ళను అడిగి తెచ్చుకోండి, వాళ్ళ దొడ్లలో ఉంటాయి. తీగజాతిలో రెండు సొర రకాలు పక్కపక్కన వేస్తే పువ్వుల మీద వాలే కీటకాలు వాటి పుప్పొడి కలిపేస్తాయి, విత్తనానికి ఉంచుకునే కాయకు పువ్వు విప్పకముందే సంచి కట్టి చేత్తో పుప్పొడి అద్దాలి. వంగకు మీ సభ్యులు గుత్తి వంకాయ అడుగుతారా, పొడుగు వంకాయ అడుగుతారా అని ముందే కనుక్కోండి. 30 కుటుంబాలలో ఇది తేలడానికి వారం పట్టినా ఆశ్చర్యం లేదు, కాబట్టి జూలైలోనే అడగండి.